పాటల పట్టికను మీ చేత్తో మీరే రాయండి



ఉత్తరం రాయడం, దరఖాస్తు రాయడం, డైరీ రాయడం మీకు తెలుసు. ఈ వ్యాసంలో మరొక రకమైన రాత గురించి నా అభిప్రాయం చెప్పదలచుకున్నాను. అది మనిషి చదవడానికీ, యంత్రం చదవడానికీ పనికివచ్చేలా ఒకేసారి రాసే రాత. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో పాటలు వినిపించే ప్లేయర్‌కు ఏ పాట తరవాత ఏ పాట రావాలో, ఆ పాట ఎవరిదో చెప్పే చిన్న ఫైలు అది. దాన్ని ప్లేలిస్ట్ అంటారు. మనం పాటల పట్టిక అందాం.

'ఇది కంప్యూటర్ చదివినవారి పని కదా, తెలుగు పుస్తకంలో దీనికి చోటెందుకు?' అని మీకు అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. డుమస్‌లో గడిపిన ఒక సాయంత్రం నా అభిప్రాయాన్ని మార్చింది.

డుమస్ గుజరాత్‌లో, సూరత్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న సముద్రతీరం. నగరం నుంచి సుమారు 20 కిలోమీటర్లు. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. ఆటు సమయంలో నీరు చాలా దూరం వెనక్కి వెళ్ళిపోతుంది. సూరత్‌లో సాంచాల మీద బతికే తెలుగువారు ఎక్కువ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరాల కిందటే వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే ఆ సంఖ్య ఎంతటిదో మీరే ఊహించుకోవచ్చు. సెలవు దొరికితే ఈ కుటుంబాలు పిల్లలతో డుమస్ వెళ్తాయి. వేడివేడి టమాటా భజ్జీలు తింటాయి.

ఒక ఏడాది కాంటాక్ట్ తరగతుల పనిమీద నేను సూరత్ వెళ్ళాను. తరగతులు ముగిసిన రోజు సాయంత్రం కొందరు అభ్యాసకులు డుమస్ బయలుదేరుతూ నన్నూ రమ్మన్నారు. వారిలో ఒకావిడ కండెలు చుట్టే పని చేస్తారు. పదో తరగతి పరీక్షకు చదువుతున్నారు. ఆవిడ తన ఫోన్‌ను చిన్న స్పీకర్‌కు కలిపి బతుకమ్మ పాటలు పెట్టారు. అవి క్యాసెట్ కంపెనీవారు అమ్మిన పాటలు కావు. సిరిసిల్ల దగ్గరి ఊళ్ళో వాళ్ళ అమ్మ పాడుతుండగా ఆవిడే రికార్డు చేసుకున్న 14 పాటలు. ఆ తల్లి ఇప్పుడు లేరు. ఆడవాళ్ళంతా ఇసుకలో గుండ్రంగా నిలబడి చప్పట్లు మొదలుపెట్టారు.

మొదటి పాట సరిగానే వచ్చింది. రెండోసారికే వరుస తప్పింది. ఆరో పాటగా బతుకమ్మను నీళ్ళలోకి సాగనంపే పాట మోగింది. ఆడవాళ్ళ చప్పట్లు ఆగిపోయాయి.

"సాగనంపే పాట నడుమల్నే వచ్చింది సార్. ఇంక ఆడుడే కాలేదు, అప్పుడే పంపుడా?" అన్నారావిడ.

ఫోన్ తీసుకొని చూశాను. ఆవిడ పాటలకు 1, 2, 3 అని 14 వరకు పేర్లు పెట్టుకున్నారు. ప్లేయర్ వాటిని అంకెలుగా కాక అక్షరాలుగా చదివింది. నిఘంటువులో 'క'తో మొదలయ్యే మాటలన్నీ అయిపోయాకే 'ఖ' వస్తుంది కదా. అలాగే 1తో మొదలయ్యే పేర్లన్నీ, అంటే 1, 10, 11, 12, 13, 14 అయిపోయాకే 2 వచ్చింది. పద్నాలుగోది ఆరోదైంది.

ఇంతవరకే అయితే పెద్ద విషయం కాదు. 01, 02 అని పేర్లు మార్చితే వరుస కుదురుతుంది. నన్ను ఆలోచనలో పడేసింది వేరొకటి. తెర మీద ప్రతి పాట కిందా ఇంగ్లీషులో 'అన్‌నోన్ ఆర్టిస్ట్' అని ఉంది. "దీని అర్థం తెలుసా అమ్మా?" అని అడిగాను. ఆవిడ కూడబలుక్కొని చదివారు. "పాడినోళ్ళు ఎవరో ఎరుక లేదు అని" అన్నారు. కాసేపాగి, "మా అమ్మ సార్" అన్నారు.

నా అభిప్రాయమంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది. సినిమా పాట పేరు, గాయకుల పేరు కంపెనీవారు రాసి పెడతారు. మీ ఇంటి పాట పేరు మీరు రాయకపోతే రాసేవారు లేరు. యంత్రం దాన్ని 'తెలియదు' అనే గదిలో పడేస్తుంది. కాబట్టి ఈ రాత నేర్చుకోవలసిన అవసరం ఇంజనీర్ల కంటే మీకే ఎక్కువ అంటాను.

ఇంతకూ ఆ ఫైల్లో ఏముంటుంది? ముందుగా ఏముండదో చెబుతాను. అందులో పాట ఉండదు. జకార్డు సాంచా చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. రంధ్రాలు కొట్టిన అట్టలను వరుసగా కుట్టి సాంచా పైన వేలాడదీస్తారు. ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో అట్టలోని రంధ్రం చెబుతుంది. అట్టలో నూలు ఉండదు, బట్టా ఉండదు. వరుస మాత్రం ఉంటుంది. ఒక అట్ట తారుమారైతే పువ్వు చెడిపోతుంది. ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన జకార్డ్ ఈ పద్ధతిని 1804లో రూపొందించాడు. యంత్రానికి వరుస చెప్పే రాతల్లో అది మొదటితరానిది. పాటల పట్టిక కూడా అటువంటిదే. పాటలు ఒకచోట ఉంటాయి, పట్టిక వాటి వరుసను చెబుతుంది. అందుకే ఒకే పాటను నాలుగు పట్టికల్లో పెట్టుకున్నా దానికి నాలుగు నకళ్ళు అవసరం లేదు.

ఇటువంటి పట్టికలు రాయడానికి వాడే పద్ధతుల్లో ఒకదాని పేరు ఎక్స్ఎంఎల్. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం అనే అంతర్జాతీయ సంస్థ 1998 ఫిబ్రవరి 10న దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. పేరు విని భయపడకండి. తాకా మీద చీటీ అంటించడం మీకు తెలుసు. ఎన్ని మీటర్లు, ఏ రకం, ఎవరు నేశారు అన్నది ఆ చీటీ చెబుతుంది. ఎక్స్ఎంఎల్ చేసేది కూడా ప్రతి సమాచారానికీ చీటీ తగిలించడమే. చీటీని రెండు కోణపు గుర్తుల మధ్య రాస్తారు. దీన్ని ట్యాగ్ అంటారు. సమాచారానికి ముందు ఒక ట్యాగ్, తరవాత దాన్ని మూసే ట్యాగ్. మూసే ట్యాగ్‌లో పేరుకు ముందు ఒక ఏటవాలు గీత ఉంటుంది. ఈ కింది ఉదాహరణ చూడండి:

<పట్టిక>
<పాట>
<పేరు>పువ్వులు తెంపే పాట</పేరు>
<పాడినవారు>అమ్మ</పాడినవారు>
</పాట>
</పట్టిక>

ఇది నేను తమాషాకు తెలుగులో రాసింది కాదు. ఇది నియమబద్ధమైన ఎక్స్ఎంఎల్. ట్యాగ్ పేర్లను తెలుగు అక్షరాల్లో పెట్టుకోవడానికి ఆ ప్రమాణం అనుమతిస్తుంది. పేరు మధ్యలో ఖాళీ మాత్రం వదలకూడదు, అందుకే 'పాడిన వారు' అని విడదీయకుండా రాశాను. తెలుగు లిపికి కంప్యూటర్లలో అంతర్జాతీయ స్థానం యూనికోడ్ తొలి ప్రమాణంలోనే, అంటే 1991లోనే దొరికింది. కంప్యూటర్ ముందు కూర్చుంటే తెలుగు పక్కన పెట్టాలనే అపోహను ఇకనైనా వదులుకోవాలి.

దీని నియమాలు తక్కువే కాని కచ్చితమైనవి. మొత్తం ఒక పెద్ద ట్యాగ్ లోపల ఉండాలి. తెరిచిన ప్రతి ట్యాగ్‌నూ మూయాలి. చివర తెరిచినదాన్ని మొదట మూయాలి. అక్షరం తేడా వస్తే యంత్రం సర్దుకుపోదు, అక్కడే ఆగిపోతుంది. వెబ్ పేజీల విషయంలో బ్రౌజర్లు తప్పులను కొంత మన్నించి ఏదో ఒకటి చూపిస్తాయి. ఎక్స్ఎంఎల్ చదివే ప్రోగ్రాములు అలా మన్నించకూడదని ఆ ప్రమాణమే చెబుతోంది. కొందరు దీన్ని మొండితనం అంటారు. నాకు మాత్రం ఇది ఓపెన్ స్కూల్ అభ్యాసకులకు అచ్చివచ్చే గుణంలా కనిపిస్తుంది. పక్కన ఉపాధ్యాయుడు లేకుండా చదువుకునేవారికి, తప్పును వెంటనే, సిగ్గుపరచకుండా చెప్పే తోడు కావాలి కదా.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పైన నేను రాసిన తెలుగు పట్టికను ప్లేయర్‌కు ఇస్తే పాడుతుందా? పాడదు. రాత తప్పు కాదు, కాని 'పాడినవారు' అంటే ఏమిటో ఆ ప్లేయర్‌కు ఎవరూ చెప్పలేదు. ఎక్స్ఎంఎల్ వ్యాకరణం మాత్రమే. ఏ మాటకు ఏ అర్థం అన్నది రాసేవారు, చదివేవారు ముందుగా కుదుర్చుకోవాలి. పాటల పట్టికల కోసం అటువంటి ఒప్పందాన్ని 2004లో కొందరు రూపొందించడం మొదలుపెట్టారు. దాని పేరు ఎక్స్ఎస్‌పిఎఫ్. 'స్పిఫ్' అని పలుకుతారు. జిఫ్.ఆర్గ్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో అది వెలువడింది. ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు. ఉచితంగా దొరికే విఎల్‌సి ప్లేయర్ ఈ ఫైళ్ళను చదువుతుంది, తన పట్టికలను ఇదే రూపంలో దాచిపెట్టగలదు కూడా.

ఈ ఒప్పందంలోని ట్యాగ్ పేర్లు ఇంగ్లీషు మాటలు. వాటి ఉచ్చారణను ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. అన్నిటికంటే బయట 'ప్లేలిస్ట్'. దాని లోపల పట్టికకు పేరు పెట్టే 'టైటిల్', ఆ తరవాత 'ట్రాక్‌లిస్ట్'. ట్రాక్‌లిస్ట్ లోపల ఒక్కో పాటకు ఒక్కో 'ట్రాక్'. ప్రతి ట్రాక్ లోపల పాట ఎక్కడ ఉందో చెప్పే 'లొకేషన్', పాట పేరుకు 'టైటిల్', పాడినవారికి 'క్రియేటర్', వివరణకు 'అనొటేషన్', నిడివికి 'డ్యూరేషన్'. పైన మన పట్టికతో పోల్చి చూడండి. చీటీల పేర్లు మారాయి, కట్టుబాటు మారలేదు.

ఆ కండెలు చుట్టే ఆవిడ మర్నాడు నా దగ్గరికి వచ్చారు. నా రైలు రాత్రికి. అధ్యయన కేంద్రంలోని కంప్యూటర్ ముందు కూర్చొని ఇద్దరం ఈ ఫైలును రాశాం. నిజానికి రాసింది ఆవిడే. నేను తప్పులు చూపించాను, కొన్ని నాకూ దొరకలేదు.

మొదటి చిక్కు 'ట్రాక్‌లిస్ట్' దగ్గర వచ్చింది. ఆ ఇంగ్లీషు మాటలో మధ్యనున్న 'ఎల్' పెద్ద అక్షరం, మిగతావన్నీ చిన్నవి. ఆవిడ అన్నీ చిన్నవే కొట్టారు. పట్టిక ఖాళీగా కనిపించింది. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే భేదం లేదు కాబట్టి మనవారు ఇక్కడ తరచు పొరబడతారు.

రెండో చిక్కుకు కారణం పెద్దమ్మ. ఎనిమిదో పాటను తల్లి, పెద్దమ్మ కలిసి పాడారు. ఆవిడ 'అమ్మ & పెద్దమ్మ' అని రాశారు. దానితో ఫైలు మొత్తం తెరుచుకోలేదు. & గుర్తుకు ఎక్స్ఎంఎల్‌లో ప్రత్యేకమైన పని ఉంది. దాన్ని మామూలు గుర్తుగా వాడాలంటే దాని వెంట ఇంగ్లీషులో 'ఎ, ఎం, పి' అక్షరాలు, సెమికోలన్ రాయాలి. ఆవిడ అంత తంటా పడలేదు. & తీసేసి 'అమ్మ, పెద్దమ్మ' అని రాశారు. భాష తెలిసినవారికి దారులు ఎక్కువ.

మూడోది ఫైలు పేరు. లొకేషన్‌లో రాసేది ఇంటర్నెట్ చిరునామా పద్ధతిలో ఉండాలి. ఖాళీ ఉంటే దాని బదులు శాతం గుర్తు, 20 రాయాలి. తెలుగు అక్షరాలుంటే ఇంకా పొడవు. ఒక్క 'అ' అక్షరమే ఆ పద్ధతిలో తొమ్మిది గుర్తులవుతుంది. అందుచేత పాట ఫైళ్ళకు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో ఖాళీలు లేని చిన్న పేర్లు పెట్టండి. తెలుగును టైటిల్‌లో, క్రియేటర్‌లో నిండుగా రాసుకోండి. పాటలు, పట్టిక ఒకే ఫోల్డర్‌లో ఉంటే లొకేషన్‌లో ఫైలు పేరు ఒక్కటే చాలు.

మరొక జాగ్రత్త. ఫైలును దాచేటప్పుడు యుటిఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్ ఎంచుకోండి. పాత నోట్‌ప్యాడ్‌లో ఆన్సి అనేది ముందే ఎంపికై ఉండేది. అలా దాస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. 2019 నుంచి విండోస్ నోట్‌ప్యాడ్‌లో యుటిఎఫ్-8 ముందుగా ఎంపికై ఉంటోంది. పాత కంప్యూటర్ అయితే మీరే చూసుకోవాలి. నిడివిని మిల్లీసెకన్లలో రాయాలి. 3 నిమిషాల 20 సెకన్ల పాట అంటే 2,00,000. ఫైల్లో కామాలు పెట్టకూడదు. లెక్క ఇబ్బందిగా ఉంటే నిడివి రాయకపోయినా పాట పాడుతుంది.

ఇప్పుడు మీరు వేయగల ఆక్షేపణలకు వద్దాం. 'ఫోన్ యాప్‌లో వేలితో నొక్కితే పట్టిక తయారవుతుంది. ఇంత శ్రమ ఎందుకు?' అని చాలామంది అంటారు. యాప్‌లో చేసుకున్న పట్టిక ఆ యాప్ ఉన్నంతవరకే మీది. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. వాడుకదారులు తమ పట్టికలను యూట్యూబ్ మ్యూజిక్‌కు తరలించుకోవడానికి గడువు ఇచ్చారు. ఆ గడువు 2021 ఫిబ్రవరితో ముగిసింది. ఎయిర్‌టెల్ వారి వింక్ మ్యూజిక్‌ను మూసివేస్తున్నట్టు 2024లో ప్రకటించారు. కంపెనీ తన వ్యాపారం చూసుకుంటుంది, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని పదేళ్ళపాటు ఏరికూర్చిన వరుసను మరొకరి గోదాములో పెట్టి తాళంచెవి వారికే ఇవ్వడం నాకు తెలివైన పనిగా తోచదు. మీరు రాసిన ఫైలు మామూలు అక్షరాలతో ఉంటుంది. ఏ ప్లేయరూ దొరకని రోజున కూడా నోట్‌ప్యాడ్‌లో తెరిచి కళ్ళతో చదువుకోవచ్చు.

రెండో ఆక్షేపణలో నిజం ఎక్కువ. 'ఎం3యు అనే పద్ధతి ఇంకా సులభం కదా. పంక్తికొక పాట పేరు రాస్తే సరి. చీటీలూ లేవు, మూయడాలూ లేవు.' అవును. వరుస ఒక్కటే కావాలంటే ఎం3యు చాలు. అన్ని ప్లేయర్లూ ఎక్స్ఎస్‌పిఎఫ్ చదవవు, చాలా ప్లేయర్లు ఎం3యు చదువుతాయి. అందుచేత రెండు రకాలూ చేసిపెట్టుకోమని సలహా ఇస్తాను. విఎల్‌సి రెండింటినీ దాచగలదు. కాని ఎవరు పాడారు, ఏ సందర్భంలో పాడారు, ఈ పాటకు ముందు ఏం చేయాలి అన్నవి కావాలంటే చీటీలున్న రాతే కావాలి. పాడినవారి పేరును పాట ఫైలు లోపలే రాసే ఏర్పాటు కూడా ఉంది. దాన్నీ వాడుకోండి. అయితే పద్నాలుగు పాటల కథ ఒక్క కాగితం మీద చదివినట్టు చదవాలంటే పట్టికే అనుకూలం.

సినిమా పాటల గురించి ఒక మాట. పట్టికను ఎవరికైనా ఇవ్వవచ్చు, అది మీ రాత. పాటల నకళ్ళు పంచడం వేరు, వాటికి హక్కుదారులున్నారు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. మీ ఇంట్లో పెద్దవారు పాడే పాటలో, చెప్పే కథలో మూడింటిని ఎంచుకోండి. అవి ఏ వరుసలో రావాలో, ఎవరివో, ఎప్పుడు పాడతారో చీటీల పద్ధతిలో రాయండి. ట్యాగ్‌లు తెలుగులోనే పెట్టండి. కంప్యూటర్ దొరికినప్పుడు పేర్లు మార్చుకోవచ్చు. రికార్డు ఇంకా చేయకపోతే ముందు ఆ పని చూడండి. పట్టిక ఎప్పుడైనా రాసుకోవచ్చు, పాడేవారు ఎప్పుడూ ఉండరు.

సూరత్ ఆవిడ ఫైలు ఆ సాయంత్రానికి తయారైంది. పద్నాలుగు పాటలకూ క్రియేటర్ దగ్గర తల్లి పేరు ఇంటిపేరుతో సహా ఉంది. చివరి పాట అనొటేషన్‌లో 'అందరు ఆడుడు అయినంకనే పెట్టాలె' అని రాశారు. సరిచేయబోయి మానుకున్నాను. ఆ ఫైలును ఆవిడ భివండీలో ఉన్న చెల్లెలికి పంపారు. అక్కడ తెరిస్తే పేర్లన్నీ కనిపించాయి కాని ఒక్క పాటా మోగలేదు. పట్టిక వెళ్ళింది, పాటలు వెళ్ళలేదు. తరవాత ఫోల్డరంతా పంపారు. నెల తిరక్కుండా చెల్లెలు దాన్ని తిరిగి పంపింది. అక్క దగ్గర లేని పాట ఒకటి ఆమె దగ్గర ఉందట. తొమ్మిదో పాటకూ పదో పాటకూ మధ్య ఒక ట్రాక్ తెరిచి, రాసి, మూసి, అక్కడ చేర్చింది. మిగతా అంకెలు వేటినీ మార్చవలసిన పని రాలేదు.